యాభై రాష్ట్రాల్లో చెల్లే కార్డు

ర్యాపిడ్ సిటీ, సౌత్ డకోటా
జూన్ 9

అక్కా,

ఫోన్ చేయొద్దన్నది నేనే కాబట్టి ముందుగా ఉత్తరం రాయాల్సిందీ నేనే. వీడ్కోలు విందులో నువ్వు అందరి ముందూ "అరవయ్యొక్క ఏళ్ళకు ఉద్యోగం, ఇన్సూరెన్స్ రెండూ వదిలేసి ఊరేగుతావా, బుద్ధుందా నీకు" అన్నావు. నాకు ఒళ్ళు మండి, ఇకమీద ఏం చెప్పాలన్నా రాసి పంపు, కాగితం మీదైతే గొంతు పెంచలేవు అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

ఇక సంగతులు. ఇల్లు అమ్మేశాం కాబట్టి మాకు ఏదో ఒక రాష్ట్రంలో చిరునామా కావాలి. మాలాగా బండ్లలో కాపురం పెట్టినవాళ్ళంతా ఇక్కడికే వస్తారు. ఒక్క రాత్రి క్యాంపులో పడుకుని, రసీదు చూపిస్తే డ్రైవింగ్ లైసెన్స్ చేతిలో పెట్టారు. అరవయ్యొక్క ఏళ్ళ నెబ్రాస్కా పుట్టుక ఒక్క రసీదుతో పోయింది. ఇప్పుడు నా ఇల్లు ఒక దుకాణంలో 418వ నంబరు పెట్టె. మాకు వచ్చే ఉత్తరాలన్నీ అందులో వేస్తారు. మేము ఎక్కడున్నామో చెబితే కట్టకట్టి పంపుతారు.

నీ ముప్పై ఏళ్ళ అనుభవం ఇప్పుడు కావాల్సొచ్చింది. నేను పనిచేసిన బడి వంటగదివాళ్ళు ఇచ్చిన ఇన్సూరెన్స్ మే 31తో అయిపోయింది. అరవై అయిదు నిండినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ రావాలంటే నాకు ఇంకా మూడున్నరేళ్ళు. మా ఆయన డెల్మర్‌కు అరవయ్యారు కాబట్టి కార్డు జేబులో వేసుకుని మహారాజులా ఉన్నాడు. ఆయన కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఏ రాష్ట్రంలోనైనా తీస్తారు. నాకు దొరికేవన్నీ ఈ కౌంటీలోనో, పక్క కౌంటీలోనో చెల్లేవే. నిన్న మూడు గంటలు ఫోన్ పట్టుకుని కూర్చుంటే తలప్రాణం తోకకొచ్చింది. "అమ్మా, మీరు ఎక్కడ నివసిస్తారు?" అని అడుగుతుంది ఫోన్లో అవతలి పిల్ల. చక్రాల మీద అంటే నవ్వుతుంది.

అన్ని రాష్ట్రాల్లో చెల్లేది, మేము కట్టగలిగేది ఏదైనా ఉందా? ఉంటే రాయి. తిట్లు చివర్లో రాసుకో.

మార్లిస్


విల్బర్, నెబ్రాస్కా
జూన్ 14

మార్లిస్‌కు,

తిట్లకు చోటు లేదు, పని ఉంది. జాగ్రత్తగా చదువు.

ఉద్యోగంతో ఇన్సూరెన్స్ పోయినవాళ్ళకు కొత్తది తీసుకోవడానికి అరవై రోజులు గడువు. నీ గడువు జూలై 30. అది దాటితే నవంబర్ ఒకటి దాకా తలుపులు మూసేస్తారు, నవంబర్‌లో తీసుకున్నది జనవరి ఒకటిన గానీ మొదలవదు. ఇది నోటికొచ్చినట్టు చెప్పడం లేదు. ఆసుపత్రి బిల్లుల కిటికీ వెనక ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చుని చెబుతున్నాను.

నువ్వు కోరేది, మనిషి సొంతంగా కొనుక్కునేవాటిలో దేశమంతా చెల్లేది, మీ కొత్త కౌంటీలో లేదు. నేను అన్నీ వెతికాను. కాబట్టి అక్కడ ఉన్నదాన్నే తీసుకో. ప్రాణం మీదకొస్తే ఏ రాష్ట్రంలోనైనా చూస్తారు, ఆ మేరకు ఏ ఇన్సూరెన్సైనా ఒప్పుకుని తీరాలి. మిగతా పరీక్షలకు ఏడాదికి రెండుసార్లు అక్కడికే తిరిగి రండి. మీ ఆదాయాన్ని బట్టి నెలకు కట్టేదీ తగ్గుతుంది. పాత ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో పొడిగించుకోవచ్చు గానీ దానికయ్యే ఖర్చుకు నీ మొగుడు బండి అమ్మాలి.

ఇంకో మాట. "మేము సభ్యులం, ఒకరి ఖర్చు ఒకరం పంచుకుంటాం" అనే సంఘాలు కొన్ని ఉన్నాయి. చౌక, దేశమంతా చెల్లుతుంది అంటారు. అది ఇన్సూరెన్స్ కాదు. దాని దగ్గరికి పోకు.

జూలై 30. ఫ్రిజ్ మీద అంటించుకో. మీ బండిలో ఫ్రిజ్ ఉందనే అనుకుంటున్నాను.

ఆర్డిత్


కాలిస్పెల్, మోంటానా
జూలై 12

అక్కా,

నీ జవాబు ఇంకా చేరలేదు. రాశావని తెలుసు, నువ్వు రాయకుండా ఉండలేవు. అది 418లో కూర్చుని ఉంటుంది. ఉత్తరాల కట్టను నెలనెలా తెప్పిస్తే తపాలా దండగని డెల్మర్ రెండు నెలలకోసారి చాలన్నాడు. ఆగస్టు మొదట్లో తెప్పించుకుంటాం.

నువ్వు బెంగ పడాల్సిన పని లేదు, నేనే దొరకబుచ్చుకున్నాను. క్యాంపులో పక్క బండి పెగ్గీ చెప్పింది. ఒక సంఘం ఉంది, సభ్యులంతా ఒకరి ఆసుపత్రి ఖర్చు ఒకరు పంచుకుంటారు. ఏ రాష్ట్రమైనా, ఏ డాక్టరైనా సరే. నెలకు కట్టేది మన ఊళ్ళో ఇద్దరు భోంచేసినంత కాకపోయినా నలుగురు భోంచేసినంత. చేరి మూడు వారాలైంది. సభ్యులకు పుట్టినరోజు కార్డు కూడా పంపుతారట.

ఇక్కడ పొద్దు తొమ్మిదిన్నరకు గానీ కుంగదు. డెల్మర్ రోజూ చేపలకు పోతాడు, రోజూ కొట్లో కొన్న డబ్బా సార్డీన్ చేపలే తింటాం. నాకిప్పుడు తెలిసొచ్చింది, ఇన్సూరెన్స్ కోసం జీవితమంతా కిటికీ వెనక కూర్చునేవాళ్ళు కూర్చుంటారు. నేను అలాంటిదాన్ని కాదు.

అన్నట్టు పెగ్గీ కోసం ఒక సందేహం. చేరకముందే ఒంట్లో ఏదైనా ఉండి, డాక్టరుకు చూపించకపోతే, అది పాత జబ్బు కిందికి వస్తుందా? కాగితం మీద ఎక్కడా లేదు కదా. అమ్మ చెప్పేది గుర్తుందా, "డాక్టరు పెన్ను తీసేలోపే లేచి వచ్చేయండి" అని. పెగ్గీ వాళ్ళమ్మ కూడా అలాంటిదేనట.

మార్లిస్


విల్బర్
జూలై 18

మార్లిస్‌కు,

నీ ఉత్తరం నిన్న వచ్చింది.

పెగ్గీకి చెప్పు. సంఘంవాళ్ళు ఇచ్చిన చిన్న పుస్తకంలో "చేరకముందు ఉన్న జబ్బులు" అన్న పేజీ తీసి చదవమను. డాక్టరు చూశాడా లేదా అని అడగరు. ఆ మనిషికి ముందే తెలుసా అని అడుగుతారు. తెలిసుంటే ఏళ్ళ తరబడి పైసా ఇవ్వరు.

జూలై 30 లోపు అసలైన ఇన్సూరెన్స్ తీసుకోమని పోయిన ఉత్తరంలోనే రాశాను. మళ్ళీ రాస్తున్నాను.

స్నేహితురాలి కోసం అడుగుతున్నామనేవాళ్ళను నా కిటికీ దగ్గర రోజుకు నలుగురిని చూసేదాన్ని.

ఆర్డిత్


బేకర్ సిటీ, ఆరెగాన్
ఆగస్టు 8

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ మొన్న ఒకే కట్టలో వచ్చాయి. విత్తనాల క్యాటలాగు, దంతాల డాక్టరు కార్డు, మధ్యలో నువ్వు. ముప్పయ్యో తేదీ దాటి అప్పటికే వారమైంది.

పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. నువ్వు రాసిందే ఉంది. "సభ్యునికి తెలిసిన లక్షణం ఏదైనా" అని ఉంది. చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలోనూ అదే ప్రశ్న ఉండింది. నేను లేదు అని గీత పెట్టాను.

పెగ్గీ గుండ్రాయిలా ఉంది. నాకే కుడి రొమ్ములో గడ్డ ఉంది.

మే 27న స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. చిక్కుడు గింజంత. ఇన్సూరెన్స్ ఇంకా నాలుగు రోజులు ఉంది. డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేస్తే జూన్ పదిహేనుకు గానీ కుదరదన్నారు. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. తను పనిచేసే రైతుల సహకార సంఘం మూతపడ్డాక కొత్త ఇన్సూరెన్స్‌కు పోతే, డాక్టరు ఎప్పుడో రాసుకున్న "ఛాతీలో నొప్పి" అన్న ఒక్క ముక్క చూసి పొమ్మన్నారు కదా. పదకొండేళ్ళు ఏ ఇన్సూరెన్సూ లేక ఆసుపత్రి ఖర్చులకు నలభై ఎకరాలు అమ్ముకున్నాడు. అందుకని ముందు కొత్త ఇన్సూరెన్స్ చేతికి రానీ, ఆ తర్వాత కొత్తగా కనిపెట్టినట్టు పోయి చూపించుకుందాం అనుకున్నాను. ఈలోగా ఏ కాగితం మీదా పడకూడదు. నేను ఏ ఊళ్ళో ఉన్నా పనికొచ్చేది కావాలని వెతికింది అందుకే. చికిత్స మొదలైతే ఎక్కడుంటామో తెలియదు కదా.

దాని తర్వాత మూడు రోజులకే వీడ్కోలు విందు. అందరి ముందూ నువ్వు ఇన్సూరెన్స్ అనగానే నాకెందుకంత మండిందో ఇప్పుడైనా అర్థమైందనుకుంటాను.

డెల్మర్‌కు తెలియదు. పాతికేళ్ళు ధాన్యం గోదాముల్లో మరలు బాగుచేస్తూ ఈ బండి కోసం కాచుకున్నాడు. ఎలా చెప్పను? నువ్వు మాత్రం ఫోన్ చేయకు. ఈ బండిలో ఏ మూల గుసగుసలాడినా ముందు సీటుకు వినిపిస్తుంది. ఇక్కడి పోస్టాఫీసుకు నా పేరు మీద రాస్తే దాచి ఇస్తారు. ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉంటాం.

ఇప్పుడు చిక్కుడు గింజ కంటే పెద్దదైంది. భయంగా ఉంది అక్కా.

మార్లిస్


విల్బర్
ఆగస్టు 12

చెల్లీ,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. వంటింట్లో నిలబడే చదివి, నిలబడే రాస్తున్నాను.

మొదటిది. నాన్న రోజులు పోయాయి. చట్టం మారి చాలా ఏళ్ళైంది. అసలైన ఇన్సూరెన్స్ ఏదీ జబ్బుందని నిన్ను కాదనలేదు, జబ్బుందని ఒక్క డాలరు ఎక్కువ అడగలేదు. పాత జబ్బని వంక పెట్టేది నువ్వు చేరిన ఆ సంఘమే. కాగితం మీద పడకూడదని నువ్వు రెండున్నర నెలలుగా ఎవరి నుంచి దాచావో వాళ్ళకు అడిగే హక్కే లేదు. బిల్లుల కిటికీ దగ్గర నీలాంటివాళ్ళను చూశాను. వాళ్ళ నాన్నకో అమ్మకో జరిగింది తలుచుకుని, పరీక్ష మానేసి, చివర్లో వచ్చేవాళ్ళు. నా చెల్లెలే ఆ వరసలో ఉంటుందని అనుకోలేదు. ఈ ఒక్క ముక్క నీకు పదేళ్ళ కిందటే చెప్పి ఉండాల్సింది. మనింట్లో అందరికీ తెలుసనుకున్నాను.

రెండోది. జనవరి దాకా ఆగాల్సింది ఇన్సూరెన్స్ కోసం. పరీక్ష కోసం కాదు. పరీక్ష డబ్బు కట్టి ఇప్పుడే చేయించుకోవచ్చు. నేను పనిచేసిన చోట ముందే రొక్కం కడితే తగ్గిస్తారు, ఎవరిని అడగాలో నాకు తెలుసు.

మూడోది. ఇక్కడికి రండి. మన పెరట్లో మీ బండికి చోటుంది, కరెంటు తీగ లాగిస్తాను. ఇక్కడ నిజంగా కాపురముంటే నవంబర్‌లో ఈ కౌంటీ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు. అది దేశమంతా చెల్లదు. లింకన్‌లో చెల్లుతుంది. నీకు కావాల్సిన డాక్టరు అక్కడే ఉంది.

ఇప్పుడు నా సంగతి. జూలై 17న నీ ఉత్తరం చదివాను. నా మొదటి ఉత్తరం నీకు అందలేదని అందులోనే ఉంది. పెగ్గీ ఎవరో కూడా అప్పుడే తెలిసిపోయింది. గడువుకు పదమూడు రోజులుంది. ఫోన్ తీసి నీ నంబరు నొక్కాను. మోగకముందే పెట్టేశాను. "ఇన్సూరెన్స్ కోసం జీవితమంతా కిటికీ వెనక కూర్చునేవాళ్ళు" అన్న నీ మాట దగ్గర ఆగిపోయాను. ఫోన్ చేయొద్దన్నది అదే కదా, అనుభవించనీ అనుకున్నాను. ఎవరూ తెరవని పెట్టెకు ఇంకో ఉత్తరం పోస్టు చేసి, నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆ పదమూడు రోజులూ నావే మార్లిస్. రోజూ ఫోన్ వంక చూశాను, రోజూ మానేశాను. దీనికి క్షమాపణ ఎలా అడగాలో నాకు రాదు.

ఆ మాట ఎందుకంత గుచ్చుకుందో కూడా చెబుతాను. మా ఆయన యూజీన్ అరవయ్యో ఏట బండి వెనక లాగే ట్రెయిలర్ ఇల్లు కొన్నాడు. సముద్రం చూడాలి, పద అన్నాడు. ఆయన కిడ్నీ మందులన్నీ నా ఇన్సూరెన్స్ మీదే వచ్చేవి. నాకు అరవై అయిదు నిండేదాకా ఆగు అన్నాను. నాలుగేళ్ళు ప్రతి ఆదివారం ఆ ట్రెయిలర్ కడిగేవాడు. నేను రిటైరవడానికి నాలుగు నెలల ముందు పోయాడు. అది ఇంకా షెడ్డులోనే ఉంది. నేను ఆగాను, నువ్వు ఆగలేదు. ఎవరిది తప్పో నాకు తెలియదు. ఆ విందులో నిన్ను అన్న మాట నిజానికి నీ మీద కోపంతో కాదు.

డెల్మర్‌కు ఇవాళే చెప్పు. బయల్దేరండి.

ఆర్డిత్


బేకర్ సిటీ
ఆగస్టు 17

అక్కా,

చెప్పాను. గ్యాస్ స్టేషన్‌లో చెప్పాను, బండిలో చెప్పడానికి మనసొప్పలేదు. పెట్రోలు పైపు తీసి కొక్కేనికి తగిలించాడు. తర్వాత "మే నెల నుంచా?" అన్నాడు. ఊఁ అన్నాను. "ఇన్నాళ్ళూ నేను చేపలు పడుతున్నాను" అన్నాడు. లోపలికి పోయి మ్యాపు నెబ్రాస్కా వైపు తిప్పి పెట్టాడు.

నీ పదమూడు రోజుల గురించి. నేను దాచింది డెబ్బై రోజులకు పైనే. మన ఇద్దరి లెక్కా ఒకేచోట వదిలేద్దాం.

సంఘానికి మానేస్తున్నానని రాశాను. పుట్టినరోజు కార్డు రాకముందే.

నాలుగు రోజుల్లో వస్తాం. కొలాచీ బన్నులు చేస్తే లోపల ప్రూన్ పండు పెట్టి చెయ్యి, ఆప్రికాట్‌వి కాదు.

మార్లిస్

ఆర్డిత్, నేను డెల్మర్‌ని. ఉత్తరాలు రెండు నెలలకోసారి చాలన్నది నేనే. నువ్వు తిట్టాలనుకుంటే నన్ను తిట్టు. కరెంటు తీగ యాభై ఆంపియర్లది కావాలి.


పెరటి బండి, విల్బర్
ఏప్రిల్ 18

అక్కా,

ముప్పై అడుగుల దూరానికి ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా చెబితే నన్ను మధ్యలోనే ఆపేసి సూపు పోస్తావు. అందుకని రాసి తలుపు కింద తోస్తున్నాను.

నిన్న డాక్టరు చెప్పింది నువ్వు గదిలో ఉండి విన్నావు గానీ, ఏడుస్తూ విన్నావు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. గడ్డ తీసిన చోట ఏమీ మిగల్లేదు. చంకలోకి పాకలేదు. రేడియేషన్ అయిపోయింది. మాత్ర అయిదేళ్ళు వేసుకోవాలి. ముందుగా మే 13న, ఆ తర్వాత మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

సెప్టెంబర్‌లో సూది గుచ్చి క్యాన్సరేనని తేల్చినప్పుడు, జనవరి దాకా ఆగొచ్చా అని నువ్వు అడిగితే, చిన్నదే, ఈ మాత్రతో కట్టడి చేసి ఆగుదాం అంది ఆవిడ. ఇంకో ఏడాది నేను దాచి ఉంటే ఆ మాట అనేది కాదు. నవంబర్ ఒకటిన పొద్దున్నే మనిద్దరం నీ వంటింట్లో కూర్చుని ఫారం నింపాం. జబ్బుల ప్రశ్న వస్తుందని చివరిదాకా చూశాను. రాలేదు. సిగరెట్ తాగుతావా అని ఒక్కటే అడిగారు. "మీరు ఎక్కడ నివసిస్తారు" దగ్గర నీ ఇంటి నంబరు రాస్తుంటే, ఆ ఫోన్ పిల్ల గుర్తొచ్చింది. ఈసారి నవ్వకుండా రాసుకునేది.

నా కార్డు ఈ చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లోనే చెల్లుతుంది. మెడికేర్ వచ్చేదాకా నేను ఇక్కడి నుంచి దూరం పోను, డెల్మర్‌కూ పోవాలని లేదు. రెండు వారాలకోసారి చిన్న చిన్న చోట్లకు పోయివస్తాం. నాకు దిగులు లేదు.

ఇప్పుడు అసలు మాట. అన్ని రాష్ట్రాల్లో చెల్లే కార్డు కోసం నేను ఫోన్లు చేసి చేసి చచ్చాను. అది మన కుటుంబంలో ఇద్దరి దగ్గరే ఉంది. డెల్మర్‌ది ఒకటి. రెండోది నీ పర్సులో ఉంది. రెండేళ్ళుగా అది కౌంటీ దాటలేదు.

డెల్మర్ షెడ్డు తెరిచి ట్రెయిలర్ చూశాడు. టైర్లు మార్చాలి, మిగతాదంతా బాగుందన్నాడు. యూజీన్ ఎంత శుభ్రంగా పెట్టాడో చూసి కాసేపు అక్కడే కూర్చున్నాడట. లాగడం ఆయన నేర్పుతాడు. నీ ఇల్లు, నీ కోళ్ళు, నీ మొండి బాయిలర్ మేము చూసుకుంటాం. మూడు వారాలు పోయి రా. నేను బాగానే ఉన్నాను, అది నువ్వూ విన్నావు. నన్ను వంకగా పెట్టుకోకు.

మార్లిస్


న్యూపోర్ట్, ఆరెగాన్
మే 4

చెల్లీ,

చేరాను. ట్రెయిలర్ వెనక్కి తీసేటప్పుడు మన పోస్టు పెట్టెను రెండుసార్లు పడగొట్టాను గానీ దారిలో ఇంకెవరినీ ఏమీ చేయలేదు. వయోమింగ్‌లో గాలికి ట్రెయిలర్ ఊగితే చేతులు స్టీరింగ్‌కు అతుక్కుపోయాయి. ఒక లారీవాడు హారన్ కొట్టాడు. నేనూ కొట్టాను.

నిన్న సాయంత్రం క్యాంపుకు వచ్చేసరికి పొగమంచు. ఏమీ కనిపించలేదు, చప్పుడు వినిపించింది. పొద్దున లేచి మంచం పక్క కిటికీ తెర తీశాను. యూజీన్ నాలుగేళ్ళు కడిగిన అద్దంలోంచి సముద్రం చూశాను. ఆయన కోసం ఆ వైపే పడుకున్నాను. చాలాసేపు ఏడ్చాను, తర్వాత కాఫీ పెట్టుకున్నాను. ఆయన ఉండాల్సింది మార్లిస్. ఇంతకన్నా చెప్పడం నాకు రాదు.

మోకాలు కొంచెం వాచింది. ఊళ్ళో క్లినిక్‌కు పోతే కార్డు చూసి కూర్చోమన్నారు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది అక్కడి అమ్మాయి. నెబ్రాస్కా అంటే, అంత దూరం నుంచా అంది. ఔను అన్నాను. కిటికీకి ఇవతల నిలబడటం ఇదే మొదటిసారి.

ఇంకో పది రోజులు ఉందామనుకున్నాను గానీ నీ పరీక్ష పదమూడున. పన్నెండు సాయంత్రానికి ఇంట్లో ఉంటాను, లింకన్‌కు నేనే తీసుకెళ్తాను. ఈ విషయంలో నాతో వాదించకు.

ఈ ఉత్తరం నీకు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. అన్ని రోజులు ఆగడం నాకిక చేతకాదు. దీన్ని పోస్టులో వేసి వచ్చి ఫోన్ చేస్తాను. ఎత్తు.

అక్క